వల్లకాటి బాట

కడచిన మాఘమాసమున మేము సాలూరునకు పోయితిమి. పోయినది బంధువుల యింట పెండ్లికి, చూచివచ్చినది వల్లకాడు. శుభకార్యమునకు పోయి యశుభపు ముచ్చట తెచ్చితిరేమని మా యింటివారు నొచ్చుకొనిరి. ఈ పత్రిక చదువు గృహిణులలో కొందఱును నొచ్చుకొందురేమో. ఐనను పెండ్లికబుర్లకంటె నీ మాటయే ముందు చెప్పవలసినదిగా మాకు తోచినది. ఎందుకు తోచినదో చదువరులకు పోనుపోను తెలియగలదు.

విజయనగరమునుండి కోరాపుట్టునకు పోవు రహదారి సాలూరు దాటి, పాచిపెంట మీదుగా సుంకి కనుమ నెక్కును. ఊరి ప్రక్కన వేగావతి పాఱును. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా యేర్పడినప్పుడు విజయనగరము జిల్లానుండి విడివడి యీ పట్టణ మందులో చేరినది. సాలూరనగానే మన ప్రాంతమువారికి తలపునకు వచ్చునవి లారీలు. ఆ లారీల మోతలో పెండ్లిమేళము మాకు సగమే వినబడినది. మఱునాటి యుదయమున మా పూర్వశిష్యు డొకడు మమ్ము వెదకికొనుచు వచ్చెను. అతడు కొండమీది యాశ్రమపాఠశాలలో నుపాధ్యాయుడు. “మేస్టారూ, మీరు చిన్నప్పుడు మాకు గిడుగువారి కథ చెప్పినారు. ఆయన తిరిగిన కొండలవంటి కొండలే యివి. ఒక్కపూట రండి” యని మోటారుబండిపై నెక్కించుకొని పోయెను.

మేము పోయిన యూరు గదబలది. ఊరి పేరు వ్రాయము. వారు మమ్ము నతిథులుగా నాదరించిరే గాని పత్రిక కెక్కుటకు సమ్మతి యీయలేదు. గదబలను గూర్చి మన పట్టణవాసులకు తెలిసినది మిక్కిలి తక్కువ. ఈ ప్రాంతపు గదబలు తమలో తా మాడుకొను భాష మన తెలుగునకు తోబుట్టువు. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడభాషా వ్యుత్పత్తి నిఘంటువున గదబ మాటల ప్రక్క సాలూరు మాండలికమని తెలుపు గుర్తు కనబడును. అనగా మనము లారీలకై యెఱిగిన సాలూరును దేశాంతరములందలి భాషావేత్తలు గదబల మాటలకై యెఱుగుదురు. మేము నిరువదేండ్లు తెలుగు చెప్పియు నీ సంగతి నలువదేండ్లు దాటినపిదపనే యెఱిగితిమి.

ఊరి మొదట నొక చింతచెట్టు. దాని నీడను రాళ్ళు. కొన్ని మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. చెక్కడము లేదు, అక్షరము లేదు. పలుగుఱాతిని తెచ్చి నిలువుగా పాతిరి, అంతే. క్రింద కొన్ని బల్లపరుపు రాళ్ళు గూడ నుండెను. మేము పశువుల దొడ్డికై పాతినవేమో యనుకొంటిమి. మా శిష్యుడు చెప్పులు విడిచెను, మేమును విడిచితిమి. ఇంతలో నతని బడిలో చదువు నొక పిల్లవాని తాత కఱ్ఱ యూతగా వచ్చి, మమ్ము గూర్చుండుమని యొక బల్లపరుపు రాతిని చూపెను. అది యెవరిదో యని మేము జంకుచుండగా నవ్వి, “అది కూకోడానికే బాబూ, బతికున్నోలకి” అనెను.

అతడు వరుసగా చూపసాగెను. “ఈ రాయి మా తాతది. అది మా అప్పది. ఈ పొట్టిది మా అన్నది, సిన్నప్పుడే పోనాడు.” పండుగనాడు ముందు వారికి పెట్టి తరువాత తాము తిందురట. రాయి పాతకున్న నేమగునని యడిగితిమి. అడుగునప్పుడు మా మనసున దయ్యము, భూతము అను జవాబు సిద్ధముగా నుండెనని యొప్పుకొనుచున్నాము. అతడు దయ్యమును తలపెట్టనేలేదు. “ఏటవుతాది మేస్టారూ! మనిసికి కూకోడానికి సోటుండదు. బతికున్నోడికి అరుగుండాల, సచ్చినోడికి రాయుండాల” అనెను.

అరుగను మాట విని మేము తల వంచుకొంటిమి. ఆ సంగతి తరువాత చెప్పెదము.

రాళ్ళన్నియు గుంపులు గుంపులుగా నుండగా నొక్కటి మాత్రము విడిగా, చింతమొదటి కానుకొని యుండెను. అదెవరిదని యడిగితిమి. “అది మావోడిది కాదు బాబూ. ఉప్పు తాతది. కిందనుండి కావిడిమీద ఉప్పు తెచ్చీవోడు. మా తాత నాటి మాట. జొరమొచ్చి ఇక్కడే పోనాడు. ఏ ఊరో, ఏ కులమో ఎవలికీ తెలీదు. పారేత్తామా? రాయి పాతినారు.” మఱి పండుగనాడో? “ఆడికీ ఓ ఆకు.”

అడ్డాకులో రెండు మెతుకులు. అతని పేరుగూడ వారి కందలేదు. తెచ్చిన యుప్పే పేరైనది. ఈ కాలమున నెవ్వరును కావిడిపై నుప్పు మోయరు, లారీపై వచ్చును. కాని యా రాయి యక్కడనే యున్నది.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. కొండమీద నంతయు బంగారమని చెప్పు యాత్రికుల జాతి యొకటి కలదు, మేమందు చేరము. ఆ రాళ్ళగుంపులు వంశములనుబట్టి యేర్పడినవి. ఎవరి పెద్దలకు వారే పెట్టుకొందురు. పూర్వము దున్నలను కోసెడివారట. దానికై యప్పులుచేసి చిక్కుపడినందున మానివేసితిమనియు, ఇప్పుడు కోడితో సరిపెట్టుచున్నామనియు నతడే చెప్పెను. మన సంస్కర్త యెవడును పోయి వారికి బోధింపలేదు. ఒకరి వంశపు రాళ్ళలోనికి వేఱొకరు పోవచ్చునా యని మేము గుచ్చి యడుగగా, “పోతే ఏటవుతాది?” అని తిరిగి మమ్మే యడిగెను. మా ప్రశ్న అతనికి బోధపడలేదు. బోధపఱచుటకు మాకు సిగ్గు వేసినది.

ఈ యాచారములను పండితులు చూడకపోలేదు. కోరాపుట్టు గదబలు మృతులకు గోతర్ అను పెద్దక్రియ జరిపి రాళ్ళు నిలుపుటను గూర్చి ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో వ్రాసెను. సవరలు దహనమైన పిదప గువార్ అను క్రియలో రాయి నిలుపుదురు. వారి మతమునుగూర్చి వెరియర్ ఎల్విన్ పెద్దగ్రంథము 1955లో వెలువడినది. వీరందఱికంటె ముందు మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలభాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలలోనే బడి యుండవలెనని పట్టుపట్టిరి. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లో మద్రాసున ముద్రితమైనది. (ఆయన మమ్ము చూచినచో, ఇంకను నీ గ్రాంథికముననే వ్రాయుచుంటివా యని చివాట్లు పెట్టియుండును. గురువుల చివాట్లు మా కలవాటే.) ఒడిశా సవరలయందు పియర్స్ విటెబ్‌స్కీ యను మానవశాస్త్రజ్ఞుడు 1975 నుండి తిరిగి, వారు పూజారిణి ముఖమున తమ మృతులతో మాటాడుటను, వారితో వాదులాడుటను, వారిని క్షమాపణ వేడుటను 1993లో నొక గ్రంథముగా వ్రాసెను. అదే పండితుడు 2017లో వేఱొక గ్రంథము వ్రాసెను: ఆ సవరల బిడ్డలు క్రొత్త మతములలో చేరి మృతులతో మాటాడుట మానివేసిన కథ యది.

చచ్చినవారితో మాటాడుట యనగానే మన విద్యావంతుల పెదవులపై నొక నవ్వు మొలచును. కాని మన పాడె దింపుడుకళ్ళమునొద్ద నాగినప్పుడు మన మేమి చేయుచున్నాము? కన్నకొడుకు వంగి, శవము చెవిలో, నాన్నా నాన్నా నాన్నా యని ముమ్మాఱు పిలుచును. పట్టభద్రుడును పిలుచును, వైద్యుడును పిలుచును. మా తండ్రిగారిని మేమును పిలిచితిమి. మాఱు పలుకరని తెలిసియే పిలిచితిమి. పిలువకున్న నీ జన్మమున మాకు నిద్ర పట్టకుండెడిది. మనము మూడుమాఱులు పిలిచి యూరకుందుము, సవర మఱికొన్ని యేండ్లు పిలుచును. ఈ పాటి భేదమునకు మనది సంస్కారమనియు వారిది మూఢత్వమనియు పేరు పెట్టితిమి.

ఇక మా యరుగు సంగతి.

మా యూరి బడిలో గంట కొట్టుచు నీళ్ళు తెచ్చుచు నిరువదేండ్లు పనిచేసిన మనిషి యొకడు, మొన్న శ్రావణమున చనిపోయెను. అతడు ఊరి చివర పేటవాడు. పేటవారి శ్మశానము చెఱువునకవతల నున్నది. దానికి చక్కని బాట పెద్దవీథి మీదుగా పోవును. పెద్దవీథివారి పాడెలును నా బాటననే పోవును. వీథిలో రామాలయమున్నది, పేటవారి శవము గుడిముందునుండి పోరాదని కొందఱు పెద్ద లడ్డుపడిరి. కిందటియేడు ఆ గుడి ధర్మకర్తగారి తల్లి శవము బాజాలతో, పూలవానతో, ఆ గుడి ముందునుండియే పోయినది. అప్పుడు రాములవారు మైలపడలేదు. వాన కుండపోతగా కురియుచుండెను. పేటవారు తగవాడుటకు శక్తి లేక, వరిచేల గట్లమీదుగా, మోకాలిలోతు బురదలో పాడె నెత్తుకొని పోయిరి. గట్టు మలుపున మోయువా డొకడు జాఱిపడగా పాడె యొరిగినది. మేము మా యరుగుమీద గొడుగు పట్టుకొని నిలుచుండి చూచితిమి.

అరుగు దిగలేదు. ఆ సంగతి చెప్పకుండ పరులను నిందించుటకు మాకు హక్కు లేదు; అందుచే చెప్పుచున్నాము. ఆ రాత్రి మా యింటివారు, “ఏమండీ, మన పెద్దవాడికి జ్వరము తగిలిననాడు ఆ మనిషేగదా వానలో భుజాన వేసికొని ఇంటికి తెచ్చినాడు. బ్రతికినప్పుడు మన వీథిన నడచినవాడు చచ్చిన తరువాత నడువరాదా?” అని యడిగిరి. మేము పత్రిక చదువుచున్నట్లు నటించితిమి. అది ఇటువంటి సంస్కరణపత్రికయే.

సాలూరునుండి మరలివచ్చిన పిదప మే మీ విషయమును మా యూరి పెద్దయొకరితో ప్రస్తావించితిమి. ఆయన పదవీవిరమణ చేసిన గౌరవనీయులు, సంస్కృతము మాకంటె బాగుగా తెలిసినవారు, మాటలో మర్యాద తప్పనివారు. ఆయన యన్నదాని సారమిది: ఎవరి సంప్రదాయము వారిది, వారు పూడ్చుకొందురు, మనము దహింతుము, వేఱువేఱు విధులకు వేఱువేఱు భూములు, వేఱువేఱు దారులు నుండుట సహజము, మీరు కొండవాండ్ర సంప్రదాయమును మెచ్చుకొనుచు మన సంప్రదాయమును తెగడుట యేమి న్యాయము?

ఈ వాదము వినసొంపుగా నుండును. నేటి విద్యావంతులలో పెక్కుమంది తలదాచుకొనుచున్నది దీని నీడనే. కావున దీనిని విప్పి చూడవలసియున్నది.

పూడ్చుట తక్కువ, కాల్చుట యెక్కువ యను భావమెక్కడిది? సన్న్యాసులను మనము పూడ్చుదుము. ఆ సమాధులకు ప్రదక్షిణము చేయుదుము. లింగధారులైన జంగములను గూర్చుండబెట్టి పూడ్చుదురు. రెండేండ్లు నిండని శిశువునకు దహనము లేదని మనుస్మృతి పంచమాధ్యాయముననే కలదు. ఋగ్వేదము పదియవ మండలమున పదునాఱవ సూక్త మగ్నిని గూర్చినదైనచో, పదునెనిమిదవ సూక్తమున భూమినే మృతుని మెత్తగా కప్పికొమ్మని ప్రార్థింతురు. అగ్నిదగ్ధులు, అనగ్నిదగ్ధులు అని పితరులను రెండు తెగలుగా పేర్కొని యిరువురను నొకే యాహుతికి పిలుచుట యా మండలముననే యున్నది. కాబట్టి పేటవారు పూడ్చుకొనుటచేత వేఱైనవారు కారు. మా పెద్దమనుష్యులకు వేదము తెలియును. ఈ మంత్రములును తెలియును. తెలిసియు నవసరమైనప్పుడు గుర్తునకు రాకుండుట విద్యయొక్క లక్షణములలో నొకటి కాబోలు.

ఆయన మాకు మఱియొక శ్లోకమును గుర్తుచేసిరి. దానిని దాచుట మాకు తగదు. శూద్రుని శవమును పురముయొక్క దక్షిణద్వారమునుండియు, ద్విజుల శవములను తక్కిన మూడు ద్వారములనుండియు వారివారి క్రమమున కొనిపోవలెనని మనువు చెప్పెను. ఉన్నది, కాదనము. మాకాశ్లోకము సమ్మతము గాదు. స్మృతులలోని వేయి విధులను విడిచిపెట్టి బ్రతుకుచున్న మనము, ఈ యొక్కదానికై ప్రాణమిడుట యేల? మా పెద్దమనుష్యుల కుమారులు సముద్రముదాటి కొలువులు చేయుచున్నారు. సముద్రయానమును గూర్చిన స్మృతివాక్యముల నెవ్వరును గడపలో నడ్డుపెట్టలేదు. అది యట్లుండనిండు. మనువైనను ఒక ద్వారము చూపెను. మా యూరివారు చూపినది వరిగట్టు. మనువుకంటె మనమెక్కువ శిష్టులమైతిమి.

సంప్రదాయమన నేమి? మృతునికి రాయి నిలుపుట, చితి పేర్చుట, సిలువ నాటుట, చాదరు కప్పుట, ఉప్పు తాతకు నాకు వేయుట, ఇవి సంప్రదాయములు. ఇవి ఆయా జనుల సొత్తు. వానిని మార్చుకొనుటో మానుకొనుటో వారి చేతిలోనిది. వెలివా డెవ్వడును వచ్చి వెక్కిరింపగూడదు, దిద్దబోగూడదు. ఇది మా సంస్కరణవాదులకును వర్తించును. సవరల మృతులను నోరు మూయించుటయే సంస్కరణమని మేమనుకొనము. కాని యొకడు తన బాటన వేఱొకని పాడె రాగూడదని కఱ్ఱ పట్టుకొని నిలుచుట సంప్రదాయము కాదు. అది భూమి తగవు. తన తండ్రికి తా నేమి చేయునో చెప్పునది సంప్రదాయము. పరుని తండ్రి నెక్కడ నాపునో చెప్పునది జబర్దస్తీ. గదబతాత మా ప్రశ్నకు బదులు చెప్పలేకపోయినది యిందుచేతనే. తన పెద్దలను గూర్చి గంటసేపు మాటాడిన మనిషికి, పరులనాపుటను గూర్చి చెప్పుట కొక్కమాటయు లేకపోయినది.

చట్టమునకు వత్తము. మేము ఎనిమిదవ తరగతివారికి రాజ్యాంగము పదునేడవ యధికరణమును ప్రతియేటను చెప్పుచున్నాము: అస్పృశ్యత రద్దయినది, దాని నాచరించుట నేరము. ఆ యధికరణమునకు పండ్లు మొలిపించుటకై 1955లో చట్టము చేసిరి; 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. అందలి నాలుగవ సెక్షనున నదులు, నూతులు, స్నానఘట్టములతో పాటు శ్మశానములును, దారులును స్పష్టముగా చెప్పబడినవి. షెడ్యూల్డు కులములపైన, తెగలపైన దౌర్జన్యములను నిరోధించు 1989 నాటి చట్టమును 2015లో సవరించినప్పుడు గూడ శ్మశానమును నందులో చేర్చిరి. అనగా మా వీథిలో జరిగినది మనసు నొచ్చిన విషయము మాత్రమే కాదు, నేరము. నేరము జరుగుచుండగా పాఠము చెప్పు మాస్టరు గొడుగుక్రింద నుండెను.

ఇది యొక్క మా యూరి తెగులైనచో నింత వ్రాయము. 2019 ఆగస్టులో తమిళనాట వాణియంబాడి దగ్గఱ నారాయణపురమున, పొలములమీదుగా దారి యీయనందున, దళితులు తమవాని శవమును వంతెనమీదినుండి త్రాళ్ళతో క్రిందికి దింపిరి. ఆ దృశ్యము దేశమంతట ప్రచారమైన పిదప మద్రాసు హైకోర్టు తనంతట తానే విచారణకు చేపట్టినది. సాలూరు మీదుగా పోవు రహదారిననే కోరాపుట్టు దాటి ముందునకు పోయినచో జగదల్‌పుర్ వచ్చును, అది బస్తరు. ఆ జిల్లాలో నొక పల్లెయందు 2025 జనవరి 7వ తేదీని నొక క్రైస్తవ బోధకుడు మరణించెను. అతని పెద్దలను పూడ్చిన యూరి శ్మశానమున గాని, సొంత పొలమున గాని పూడ్చరాదని గ్రామస్థులడ్డిరి. కుమారుడు సుప్రీంకోర్టువఱకు పోయెను. జనవరి 27న ఇద్దఱు న్యాయమూర్తులు రెండు తీర్పులు చెప్పిరి: సొంత పొలమున పూడ్చుకొనవచ్చునని యొకరు, క్రైస్తవులకై కేటాయించిన దూరపు శ్మశానముననే పూడ్చవలెనని యొకరు. శవము మూడు వారములుగా శవాగారమున నున్నది గనుక, ఇక జాగు తగదని, ఇరువది కిలోమీటర్లకు మించిన దూరమునందున్న యా శ్మశానముననే పోలీసు రక్షణతో పూడ్చుటకు కోర్టు ఆనతిచ్చెను. ఇచ్చట అడ్డినవారిలో నడవులయందలి జనులును గలరని మా పెద్దమనుష్యులు సంతోషముతో చెప్పవచ్చును. చెప్పనిండు. కొండమీదివారు మంచివారు, క్రిందివారు చెడ్డవారు అని మే మెక్కడను అనలేదు. ఉప్పు తాతకు రాయి పాతిన మనసును, పరుని గోతి కడ్డుపడిన మనసును నొక్క రహదారిమీదనే యున్నవి. మన మేవైపునకు బండి త్రిప్పుచున్నామో చూచికొనవలయును.

మన తెలుగువారి విచిత్రమొకటి యున్నది. హరిశ్చంద్ర నాటకము కాటిసీను వచ్చుసరికి రాత్రి రెండైనను జనులు కదలరు. జాషువాగారి శ్మశానవాటి పద్యములు నటుడెత్తుకొనగానే, మరల మరల పాడించుకొందురు. రాజును పేదయు, పండితుడును పామరుడును నొక్కచోటనే నిదురింతురను భావమునకు మా యూరి పెద్దలు కన్నీరు పెట్టుటను మేము కన్నులార చూచితిమి. ఆ పద్యములు వ్రాసినవానిని ఏ పంక్తిలో గూర్చుండబెట్టలేదో, ఏ బావియొద్ద నిలువనీయలేదో ఆయన స్వీయచరిత్ర చదివినవారికి తెలియును. తెల్లవాఱినపిదప ఆ పెద్దలే పేటవారి పాడె నాపిరి. రంగస్థలముమీది కాడు అందఱిది. చెఱువుగట్టుమీది కాడు మాత్రము హద్దురాళ్ళు గలది.

భీమునిపట్టణమున డచ్చివారి సమాధులున్నవి. మేము పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోయి చూపుదుము. వర్తకమునకై వచ్చి మూడువందల యేండ్లనాడు చనిపోయిన పరదేశీయుల పేరులను పిల్లలు కూడబలుకుకొని వ్రాసికొందురు. మంచిదే. కాని మా బడిగంట కొట్టిన మనిషిని పూడ్చినచోటు చూడవలెనన్నచో, నేటికిని పిల్లలకు చూపుటకు దారి లేదు. చూపవలెనని యనుకొన్నవారును లేరు, మాతో సహా.

ఈ పత్రికను చదువు గృహిణులతో నొక్కమాట. మీలో పెక్కుమంది కాటికి పోరు, గడపవద్దనే ఆగిపోదురు. కాని వీథిలో నెవరి పాడె పోవలెనో, ఎవరి పాడె పోగానే గుమ్మమున పసుపునీళ్ళు చల్లవలెనో నిర్ణయించునది మగవారి పంచాయతీకంటె నెక్కువగా లోపలి మాటయే. “మన వీథినుండి పోనిండి” యని యింటిలోనుండి నలుగు రనినచో, అరుగుమీది కఱ్ఱలు నిలువజాలవు. మా యింట నొకరనిరి. మేము వినుటకు ఆఱునెలలు పట్టినది, సాలూరుదాక పోవలసివచ్చినది.

ఫాల్గునమున మే మొక యర్జీ వ్రాసితిమి. అందు కోరినది తక్కువ: చెఱువునకవతలి శ్మశానమునకు పెద్దవీథి మీదుగా నున్న బాట యెల్లరిదని ఫలక మెత్తవలెను, గట్టునొద్ద ఱాళ్ళు పఱచి వానకాలమున నడువదగునట్లు చేయవలెను, పూడ్చుచోట నొక నీటికుళాయి వేయవలెను. రెండు ప్రతులు వ్రాసి యొకటి పైయధికారులకు పంపి, రెండవదానిపై సంతకములకై యిల్లిల్లు తిరిగితిమి. మా పెద్దమనుష్యులు కండ్లద్దములు తెప్పించుకొని, మొదటినుండి చివరివఱకు చదివి, రెండుచోట్ల సంధులు దిద్ది, సంతకము చేయక తిరిగి యిచ్చిరి. ధర్మకర్తగారు లోపల పూజలో నున్నారని చెప్పించిరి. వడ్రంగి యొకడు సంతకము చేసి, ఫలకము తానే చెక్కి యిచ్చెదనని కూలి వలదనెను.

చివరకు పేటకు పోయితిమి. గంట కొట్టిన మనిషి భార్య గుమ్మములో చోళ్ళు చెఱుగుచుండెను. కాగితము చదివి వినిపించితిమి. ఆమె వ్రేలిముద్ర వేసి, వ్రేలు చెఱగున తుడుచుకొనుచు, “రాయి కూడా పాతొచ్చా మేస్టారూ?” అనెను. పాతవచ్చునమ్మా యంటిమి. సాలూరు కొండమీది సంగతి యామెకు మేము చెప్పియుండలేదు.

ఈ వ్యాసము వ్రాయునాటికి ఆ కాగితమునందు పదునొకండు సంతకములు, ఇరువదినాలుగు వ్రేలిముద్రలు నున్నవి. పెద్దవీథివారివి మూడు. వానిలో రెండు మా యింటివి.